పాలమూరులో మొదటి ట్రంపెట్

1986లో ఇంటర్మీడియట్‌లో చేరినప్పటి నుంచి డిగ్రీ పూర్తి చేసుకొని బయటికి వచ్చేదాకా నేను మహబూబ్‌నగర్‌లో చదువుకున్నాను. ఆ కాలమంతా, అమెరికా నల్లజాతివారి సంగీతమైన జాజ్ వాయించే మా కళాశాల విద్యార్థుల బృందంలో ట్రంపెట్ వాయించాను. డిగ్రీలో ఉన్నన్ని రోజులూ లీడ్ ట్రంపెట్ కుర్చీ, అంటే తక్కినవాళ్లకు దారి చూపే మొదటి ట్రంపెట్ స్థానం, నాదే. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు అడిగేది, కరువుకూ వలసకూ పేరుపడిన పాలమూరుకు జాజ్ ఎట్లా వచ్చిందని. మా వరకు అది మా సార్ వెంట వచ్చింది.

సార్‌ది నారాయణపేట వైపు ఒక పల్లె. మీసాలు రాకముందే సైన్యంలో బ్యాండు కుర్రాడిగా చేరి, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉన్న సైనిక సంగీత శిక్షణ కేంద్రంలో స్వరలిపి చదవడం, రాయడం, ఒకే బాణీని పది వాద్యాలకు పంచి రాయడం నేర్చుకున్నారు. సైన్యం నుంచి విరమించాక కొన్నేళ్లు సికింద్రాబాద్‌లో ఉండి, రైల్వే కాలనీల ఇన్‌స్టిట్యూట్లలోనూ క్లబ్బుల్లోనూ జరిగే డాన్సులకు ట్రంపెట్ వాయించారు. ఆ డాన్సులు పలచబడ్డాక సొంత జిల్లాకు తిరిగి వచ్చి షాసాబ్ గుట్ట దగ్గర ఒక పెంకుటింట్లో స్థిరపడ్డారు. కళాశాల ఆయనను పిలిచింది పంద్రాగస్టుకూ ఛబ్బీస్ జనవరికీ కవాతు బ్యాండు తయారు చెయ్యడానికి. ఉదయం పూట ఆ పని చేసేవారు. సాయంత్రం ఎండ తగ్గి, మిగతా పిల్లలు హాస్టళ్లకు మళ్లాక, ఆసక్తి ఉన్నవాళ్లను మైదానం పక్కన ఉన్న సామాన్ల గదిలో కూర్చోబెట్టి ఇంకో సంగీతం చెప్పేవారు. మా బృందం ఆ గదిలో పుట్టింది.

ఆయన దగ్గర రికార్డులు లేవు. క్యాసెట్లు నాలుగైదు ఉండేవి. అసలు నిధి ఆయన షార్ట్‌వేవ్ రేడియో. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ 1955లో మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపిన జాజ్ కార్యక్రమాన్ని సార్ రాత్రిళ్లు క్రమం తప్పకుండా వినేవారు. కోనోవర్‌ది బరువైన గొంతు; ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు ఒక్కొక్క మాటనూ విడదీసి నిదానంగా పలికేవాడు. నేను కూడా కొన్ని రాత్రులు సార్ పక్కన కూర్చొని విన్నాను. కిటికీలో రేడియో, కిటికీ నుంచి వేపకొమ్మ దాకా కట్టిన రాగి తీగ, ఒళ్లో అట్ట, అట్ట మీద ఐదు గీతల కాగితం, చెవి వెనుక ఇంకో పెన్సిలు. పాట మొదలుకాగానే ఆయన ముందుగా బేస్ స్వరాలు రాసుకునేవారు. కింది స్వరం చిక్కితే దాని మీద ఏముండాలో చెవే చెబుతుందని ఆయన నమ్మకం. రేడియో కెరటం పైకి లేచినప్పుడు వినిపించింది రాసుకొని, అది అణిగి గరగర మాత్రమే మిగిలినప్పుడు ఆ మేరకు కాగితం మీద ఖాళీ వదిలేవారు. అదే పాట మళ్లీ ఏ రాత్రి వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన రోజున ఆ ఖాళీలు నిండేవి. ఒక పాట పూర్తిగా మా చేతికి రావడానికి ఒక్కోసారి ఏడాది పట్టేది. అంత ఓపికతో తయారైన కాగితాన్ని ముందు పెట్టుకొని నిర్లక్ష్యంగా వాయించడం మాలో ఎవరికీ చేతకాలేదు.

తెల్ల కాగితాల మీద స్కేలు పెట్టి ఐదేసి గీతలు గీయడం మా పని, స్వరాలు రాయడం సార్ పని. అది మామూలు నకలు కాదు. బృందమంతా కలిసి బి ఫ్లాట్ అనే స్వరం పలకాలంటే ట్రాంబోన్ కాగితంలో బి ఫ్లాట్ అనీ, ట్రంపెట్ కాగితంలో సి అనీ, ఆల్టో శాక్సఫోన్ కాగితంలో జి అనీ రాయాలి. ఆ వాద్యాల కట్టడి అటువంటిది. ఈ లెక్క సార్‌కు వేళ్ల కొసల మీద ఉండేది. ప్రతి కాగితానికీ కుడివైపు పైన వాద్యం పేరు, ఎడమవైపు తేదీ, ఊపిరి తీసుకోవలసిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో ఒక కామా ఉండేవి. అన్ని కాగితాల్లోనూ ఆ కామాలు ఒక్కచోటనే ఉండవు. ముగ్గురు ట్రంపెట్లూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాటలో బొక్క పడుతుందని, ఎక్కడ అందరూ కలిసి పీల్చాలో, ఎక్కడ ఒకరు పీల్చేటప్పుడు మిగతావాళ్లు పట్టుకొని ఉండాలో ముందే ఆలోచించి పెట్టేవారు.

ట్రంపెట్‌కు ఉన్నవి మూడే వాల్వులు. చుట్లు విప్పి సాగదీస్తే దాదాపు ఐదడుగుల గొట్టం. రెండో వాల్వు నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే మెట్టున్నర. మిగతాదంతా పెదవులే చెయ్యాలి. ఒక్క వాల్వు కూడా నొక్కకుండా, పెదవుల బిగువూ ఊపిరి వేగమూ మార్చినంత మాత్రాన కింది సి, జి, దాని మీద సి, ఇ, జి వరుసగా పలుకుతాయి. పైకి పోయేకొద్దీ ఈ స్వరాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి కాబట్టి, అక్కడ పెదవి వెంట్రుకవాసి సడలినా పక్క స్వరం మీద పడతాం. లీడ్ ట్రంపెట్ కాగితంలో ఉండేవి ఎక్కువగా ఆ పైస్వరాలే.

మొదటి రోజుల్లో సార్ మా చేతికి ట్రంపెట్ ఇవ్వలేదు, మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చారు. దానితో పెదవులను వణికించి ఒక స్వరం పుట్టించి, ఆ స్వరాన్ని గడియారం ముల్లు చూస్తూ కదలకుండా నిలబెట్టాలి. తెల్లవారుజామున మైదానం చివర నిలబడి ఆ పని చేస్తుంటే, పాల సైకిళ్ల వాళ్లు ఆగి చూసి పోయేవారు. వాద్యం చేతికి వచ్చాక నియమాలు వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా కఠినమైనది పల్లీల నియమం. పాలమూరు పిల్లల జేబుల్లో పల్లీలు లేని రోజు ఉండదు. తిన్న తర్వాత నోరు పుక్కిలించకుండా ట్రంపెట్ ముట్టరాదు, ఎందుకంటే పలుకుల పొడి ఊపిరితోపాటు లోపలికి పోయి వాల్వులకు అడ్డం పడుతుంది. ఎండకాలంలో ఇంకో చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో గొట్టంలోని గాలి వేడెక్కి శబ్దం వేగం పెరగడం వల్ల ఇత్తడి వాద్యాల స్వరం పైకి జరుగుతుంది. అదే వేడికి గిటార్ తీగలు సాగి స్వరం కిందికి దిగుతుంది. ఆ రెంటినీ కలపడానికి గొట్టం పొడవు మార్చే ట్యూనింగ్ స్లైడు ఎంత లాగాలో చెవితోనే తేల్చుకునేవాళ్లం. సార్ ముందుగా నాకు స్వరం ఇచ్చేవారు, మిగతావాళ్లంతా నాతో కలుపుకునేవారు.

పెద్ద జాజ్ బృందంలో సాధారణంగా పదిహేడు మంది ఉంటారు: నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఐదు శాక్సఫోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. మాకు అంత బలగం లేదు. మూడు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు, ఒక ఆల్టో శాక్సఫోన్, శాక్సఫోన్ల లోటు తీర్చడానికి రెండు క్లారినెట్లు, ఒక గిటార్, డ్రమ్స్. బేస్ లేదు కాబట్టి ఆ బరువు యుఫోనియం అనే లోతు గొంతు ఇత్తడి వాద్యం మోసేది. ట్రంపెట్ల వరుస అందరికన్నా వెనుక, నిలబడి వాయిస్తుంది.

లీడ్ ట్రంపెట్ అంటే గొప్ప సోలోలు వాయించే మనిషి అని చాలామంది అనుకుంటారు. సోలోలు ఎక్కువగా రెండో కుర్చీకి పోతాయి. లీడ్ పని వేరు. కాగితంలో ఉన్న అన్నిటికన్నా పై స్వరాన్ని, దాని కింద తక్కినవాళ్లు తమ స్వరాలను నమ్మకంగా పేర్చుకోగలిగేటట్టు, ప్రతిసారీ ఒకే తీరుగా పలికించాలి. ఒక స్వరం ఎంత మెత్తగా మొదలవుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, చివర కంపితం ఉందా లేదా, ఎక్కడ తెగుతుంది అనేవి కాగితం మీద సగమే కనిపిస్తాయి. మిగతా సగం లీడ్ నిర్ణయిస్తాడు. రెండో, మూడో ట్రంపెట్లు అతణ్ని వింటాయి. ట్రాంబోన్లలో మొదటివాడూ శాక్సఫోన్ వాయించేవాడూ అతణ్ని విని తమ వరుసలకు ఆ తీరు అందిస్తారు. అమెరికాలో పేరుపొందిన కౌంట్ బేసీ జాజ్ బృందంలో కొన్నేళ్లపాటు ఈ పని చేసిన స్నూకీ యంగ్ పేరు మామూలు శ్రోతల్లో చాలామందికి తెలియకపోవచ్చు గానీ, రేడియోలో ఆ బృందం వచ్చినప్పుడు సార్ వేలు పైకెత్తి, "పాటను ఇనకుండ్రి, మీది ట్రంపెట్ ఏడ ఆపుతున్నడో అది ఇనుండ్రి" అనేవారు. వినగా వినగా నాకు ఆ ఆపడం వినిపించసాగింది. పదిమంది కలిసి ఒక స్వరాన్ని మొదలుపెట్టడం కొంత సాధనతో వస్తుంది. పదిమందీ కలిసి దాన్ని ఒకే క్షణంలో విడిచిపెట్టడం చాలా కష్టం, అది కుదిరినప్పుడు గదిలో కలిగే సంతోషం నాకు మరే పనిలోనూ దొరకలేదు.

ఆ కుర్చీ నాకు ఇచ్చిన రోజు సార్ అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నీకంటె గట్టిగ ఊదెటోడు ఉన్నడు. నీకంటె మీదికి పొయ్యెటోడు ఉన్నడు. నువ్వు రోజు ఒక్క తీరుగ ఊదుతవు బిడ్డా. అందుకే నిన్ను ఆడ నిలవెడుతున్న."

లీడ్ నేర్చుకోవడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఊపిరి సాధన. పాటకు ముందు లీడ్ తీసుకునే ఊపిరి పాట నడకలోనే ఉండాలి. నిదానమైన పాటకు నిదానంగా, వేగమైన పాటకు చురుగ్గా. ఆ ఊపిరి సరిగ్గా తీసుకుంటే ఒకటి, రెండు అని లెక్కపెట్టవలసిన అవసరమే ఉండదు. సార్ దీనికోసం సామాన్ల గదిలో దీపం ఆర్పించి, తలుపు మూయించి, మాటా సైగా లేకుండా నా ఊపిరి చప్పుడు మాత్రం విని అందరూ కలిసి మొదలుపెట్టాలని పరీక్ష పెట్టేవారు. కొన్ని వారాలకు అది కుదిరింది. చీకట్లో నేను ముక్కు అంచులతో కాక నోటి మూలలతో గాలి పీలుస్తాను, వెంటనే నా చుట్టూ అదే వేగంతో పది మంది ఊపిరి పీల్చడం వినిపిస్తుంది, ఆ తర్వాత ఒకే ఒక్క దెబ్బగా స్వరం లేస్తుంది.

జాజ్‌కు ప్రాణం స్వింగ్. కాగితం మీద సమానంగా రాసి ఉన్న రెండు చిన్న స్వరాలను సమానంగా వాయించకూడదు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ఇది పాశ్చాత్య స్వరలిపిలో చెప్పడం కష్టమైతే సార్ మూడేసి అక్షరాల తిశ్రం నడకలో చెప్పారు. "తకిట అనుకోండి. త, కి రెండు కలిపి ఒక స్వరం. ట మీద ఇంకోటి." ఆ ఒక్క మాటతో సగం మందికి దారి దొరికింది. డ్రమ్స్ వాయించే కుర్రవాడికి ఆ మాట కూడా అవసరం పడలేదు. అతనిది భూత్పూర్ వైపు డప్పు కొట్టే కుటుంబం. కుడి చేతి సిర్రతో గట్టి దెబ్బ వేసి, ఎడమ చేతి సిటికెన పుల్లతో దాని నడుమ సన్నని దెబ్బలు పొదగడం చిన్నప్పటి నుంచి చేసినవాడు. ఆ సన్న దెబ్బల అలవాటును అతను రైడ్ సింబల్ అనే పెద్ద ఇత్తడి తాళం మీదికి తీసుకుపోయినప్పుడు సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మా బృందానికి నడక నేర్పినవాడు అతనే అని నేను ఇప్పటికీ గట్టిగా అంటాను. లీడ్ ట్రంపెట్‌కూ డ్రమ్స్‌కూ మధ్య ఉండే సంబంధం బృందంలో అన్నిటికన్నా దగ్గరిది. పై స్వరం పడే చోట డ్రమ్ దెబ్బ కూడా పడాలి, పడబోయే ముందు దాన్ని ఎత్తి అందించే చిన్న దెబ్బ కూడా అతనే వెయ్యాలి. మేమిద్దరం ఒకరి భుజం కదలికను ఒకరం చూసుకుంటూ వాయించేవాళ్లం.

అమెరికాలో జాజ్ పుట్టిన న్యూఆర్లీన్స్ నగరంలో శవాన్ని తీసుకుపోయేటప్పుడు ఇత్తడి బ్యాండ్లు నిదానమైన విషాద గీతాలు వాయించి, తిరుగు దారిలో హుషారైన పాటలు ఎత్తుకుంటాయని సార్ చెప్పినప్పుడు మాకేమీ వింతగా తోచలేదు. నిండుగా బతికిన ముసలివాళ్లు పోతే డప్పులతో, ఆటలతో సాగనంపడం మేం పుట్టినప్పటి నుంచి చూసినదే. ఆ నగరం గురించే ఆయన చెప్పిన మరో సంగతి మాలో హాస్టల్ పిల్లలందరికీ కంఠస్థం. 1901లో అక్కడ కడు పేదరికంలో పుట్టి, తర్వాత జాజ్ ట్రంపెట్‌కు ప్రపంచ ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, కొత్త సంవత్సరం సంబరాల్లో తుపాకీ పేల్చినందుకు 1913 మొదట్లో పిల్లల సంస్కరణ గృహానికి పంపబడ్డాడు. అక్కడి బ్యాండులో పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు అతనికి మొదట తంబురిన్, తర్వాత బ్యూగిల్, చివరికి ట్రంపెట్ వంటిదే అయిన కార్నెట్ ఇచ్చి నేర్పాడు. డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందంలో అసాధ్యమైన పై స్వరాలకు పేరుపొందిన క్యాట్ ఆండర్సన్ సౌత్ కరోలినాలోని ఒక అనాథాశ్రమంలో పెరిగి, ఆ ఆశ్రమం బ్యాండులోనే ట్రంపెట్ నేర్చుకున్నాడు. సార్ ఈ కథలు ఉపదేశంగా చెప్పలేదు. ఈ వాద్యం ఇట్లాంటి చోట్లనే పెరిగిందని, దీని మీద మనకూ హక్కు ఉందని మాకు అర్థమయ్యేటట్టు చెప్పారు.

ఇక ఉస్తాద్ గురించి. క్లాక్ టవర్ దగ్గర ఒక సందులో పెళ్లి బ్యాండు దుకాణం ఉండేది. గోడలకు ఎర్ర కోట్లు, జరీ టోపీలు వేలాడుతుండేవి. గుమ్మం పక్కన పెద్ద డ్రమ్, లోపల పాత ట్రంపెట్లు, యుఫోనియంలు. ఆ మేళానికి ట్రంపెట్ పెద్ద ఉస్తాద్. ఆయనకు స్వరలిపి రాదు. ఒకసారి విన్న పాటను మరునాడు బరాత్‌లో వాయించేవారు. సార్ మమ్మల్ని ఆయన దగ్గరికి పంపింది ముందు మరమ్మతుల కోసమే. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో జాలీ కోఠీ ప్రాంతం ఈ దేశపు పెళ్లి బ్యాండ్లకు ఇత్తడి వాద్యాలు చేసి పంపే కేంద్రం. మా ట్రంపెట్లు కూడా అక్కడివే. వాటికి సొట్టలు తియ్యడం, ఊడిన అతుకు వెయ్యడం, అరిగిన వాల్వు స్ప్రింగును సాగదీసి మళ్లీ పనికి తేవడం ఉస్తాద్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాల్వ్ ఆయిల్ కావాలంటే మీటర్ గేజి రైలెక్కి కాచిగూడకు పోయి, అక్కడి నుంచి సికింద్రాబాద్ పోవాలి. ఉస్తాద్ కుట్టు మిషను నూనెలో కాస్త కిరసనాయిలు కలిపి ఇచ్చేవారు, అదే మాకు నడిచింది.

క్రమంగా ఆయన దగ్గర మరమ్మతులకు మించినది నేర్చుకున్నాం. బరాత్ రాత్రి గంటల తరబడి సాగుతుంది. నడుస్తూ వాయించాలి, ప్రతి అడుగుకూ మౌత్‌పీస్ పెదవి మీద అదురుతుంది, గుర్రం ముందు ఆడేవాళ్లు ఆగమన్నచోట ఆగాలి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. అట్లా అర్ధరాత్రి దాకా వాయించిన తర్వాత కూడా ఉస్తాద్ పై స్వరం మొదటి వీధిలో ఉన్నంత తేటగా ఉండేది. ఆ రహస్యం ఆయన నా చెయ్యి పట్టి చూపించారు. ట్రంపెట్‌ను అరచేతి మీద ఊరికే నిలబెట్టి, వేళ్లతో పట్టుకోకుండా వాయించమన్నారు. అట్లా వాయిస్తే దాన్ని పెదవికేసి అదమడం సాధ్యం కాదు. "మీదికి పోవాల్నంటె నొక్కకు బేటా. నొక్కితే పెదవిల ఖూన్ ఆగిపోతది. ఖూన్ ఆగితే స్వరం చస్తది. కడుపుల నుంచి గాలి పంపు" అన్నారు. పాట మధ్యలో చరణమంతా క్లారినెట్‌కు వదిలేసి, తాను పల్లవి ఎత్తుగడకు మాత్రమే వచ్చే పద్ధతి కూడా ఆయనదే. ఎక్కడ వాయించకూడదో తెలిసిన లీడ్ అర్ధరాత్రి దాకా నిలుస్తాడు. పెళ్లిళ్ల కాలంలో మనుషులు చాలనప్పుడు ఆయన మమ్మల్ని పిలిచేవారు, సార్ సంతోషంగా పంపేవారు. ఎర్ర కోటు వేసుకొని ఆయన వెనుక రెండో ట్రంపెట్ వాయిస్తూ నడిచిన రాత్రులు నాకు ఏ తరగతి గదిలోనూ దొరకని చదువు.

ఆ నడకల్లోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. ఉస్తాద్ వాయించే పాత హిందీ పాటల్లో, పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే ట్రంపెట్ ముక్కలు చాలావరకు స్వింగ్ నడకలోనే ఉండేవి. నేను సార్‌ను అడిగాను. గోవా నుంచి బొంబాయికి వచ్చిన వాద్యకారులు, చిక్ చాకొలెట్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆంటోనియో జేవియర్ వాజ్ వంటివాళ్లు, 1940లలో, 1950లలో రాత్రి హోటళ్లలో జాజ్ వాయిస్తూ పగలు సినిమా స్టూడియోల్లో పనిచేశారని, ఆ పాటలకు ట్రంపెట్ పట్టినవాళ్లు వాళ్లేనని సార్ చెప్పారు. అంటే పేరు తెలియకుండానే, మా సార్ తిరిగి రావడానికి ఎంతో ముందే, జాజ్ పాలమూరు వీధుల్లో బరాత్‌ల ముందు నడిచింది. ఈ మాట ఉస్తాద్‌కు చెబితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. పాట మంచిదైతే చాలు అన్నారు.

మా బృందంలో రెండో ట్రంపెట్ నా మిత్రుడిది. సార్ నాతో అన్న "నీకంటె మీదికి పొయ్యెటోడు" అతనే. అతని అమ్మా నాన్న దసరా వెళ్లగానే గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దూర రాష్ట్రాలకు పోయి ఉగాది వేళకు తిరిగి వచ్చేవాళ్లు. ఆ నెలలన్నీ అతను హాస్టల్లోనే. చెవి అతనిది అద్భుతమైనది. జాజ్‌కు మూలమైన బ్లూస్ అనే పాట పద్ధతిలో గాంధారం ఎక్కడ నిలవాలో మాకు సార్ ఎంత చెప్పినా, సాధారణ గాంధారం మీదికో అంతర గాంధారం మీదికో పోయి పడేవాళ్లం. అతను ఆ రెంటి నడుమ, ఏ పేరూ లేని చోట, పెదవితో స్వరాన్ని వంచి నిలబెట్టేవాడు. అర కొబ్బరి చిప్పను లోపల గుడ్డ అంటించి మ్యూట్‌లాగా, అంటే ట్రంపెట్ గొంతు మార్చే మూతలాగా, చేసుకొని, ట్రంపెట్ గరాటు ముందు మూస్తూ తెరుస్తూ వాయిస్తే అది మనిషి మాట్లాడినట్టే ఉండేది.

ఉగాదికి వారం ముందు కళాశాల వార్షికోత్సవం జరిగింది. మైదానంలో వేదిక, ఊరు ఊరంతా వచ్చింది. మా చివరి అంశం బి ఫ్లాట్‌లో ఒక బ్లూస్. బ్లూస్ పన్నెండు ఆవర్తాలకు ఒక చుట్టు తిరుగుతుంది. అందరం కలిసి రెండు చుట్లు వాయించాక అతని సోలో రెండు చుట్లు, ఆ తర్వాత నేను ట్రంపెట్ గరాటు పైకెత్తగానే అందరం మళ్లీ కలిసి ఎత్తుకోవాలి. ఇది మేం సాధన చేసిన పద్ధతి. అతను ముందుకు వచ్చి సోలో మొదలుపెడుతున్నప్పుడు మైదానం చివర గోడ దగ్గర కొందరు మూటలు దించుకోవడం నాకు వేదిక మీద నుంచి కనిపించింది. వాళ్లలో అతని అమ్మా నాన్న ఉన్నారు. పని ముందే ముగిసిందేమో, బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. అతను కూడా చూశాడు. మొదటి చుట్టు మామూలుగానే వాయించాడు. రెండో చుట్టులో చిప్ప తీసి పట్టుకొని, చేన్లో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు పాడే ఒక పాట ఎత్తుగడను బ్లూస్ మీదికి తెచ్చాడు.

రెండో చుట్టు అయిపోవస్తున్నది. గరాటు ఎత్తవలసిన చోటు వచ్చింది. నేను సార్ వైపు చూశాను. వేదిక పక్కన నిలబడిన సార్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. అంటే నిర్ణయం నాదే. నేను గరాటు ఎత్తలేదు. డ్రమ్స్ వైపు భుజం కొంచెం దించాను, అతను వెంటనే దెబ్బ తగ్గించాడు. ట్రాంబోన్ల వైపు వేలు చూపించి, పాటలోని రెండు స్వరాల ముక్కను మెత్తగా నడపమన్నాను. మూడో చుట్టు ట్రాంబోన్ల మీద నడిచింది. నాలుగో చుట్టుకు క్లారినెట్లు చేరాయి. ఆ మెత్తని ముక్క మీద అతని ట్రంపెట్ ఆ కలుపు పాటను ఒకసారి అడిగినట్టు, ఒకసారి బదులు చెప్పినట్టు వాయించుకుంటూ పోయింది. ఐదో చుట్టులో నేనూ మూడో ట్రంపెట్టూ కలిశాం. అప్పుడు అతను వెనక్కి తిరిగి నన్ను చూసి తల ఊపాడు. నేను గరాటు ఎత్తాను, నిండా ఊపిరి తీసుకున్నాను, పది మంది ఆ ఊపిరి విన్నారు. చివరి పై సి ఆ సాయంత్రం పలికినంత నిండుగా నాకు ముందెన్నడూ పలకలేదు. దాన్ని ఎక్కడ వదలాలో నాకు తెలుసు, అందరం అక్కడే వదిలాం.

తర్వాత వేదిక వెనుక అతని నాన్న చిప్పను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎందుకు అడ్డం వెడుతున్నవురా?" అని అడిగాడు. మిత్రుడు వాయించి చూపించాడు. అమ్మ మాత్రం ఆ పాటలో ఒక ముక్క తప్పుగా ఉందని, రెండో సగం అట్లా దిగదని అక్కడే నిలబడి పాడి సరిచేసింది. సార్ జేబులోంచి పెన్సిలు తీసి ఆమె పాడినదాన్ని రాసుకున్నారు. తర్వాతి ఏడాది ఆ పాట మా బృందానికి సొంత పాటగా మూడు ట్రంపెట్ల కాగితాల్లోకి వచ్చింది.

డిగ్రీ అయిపోయాక ఎవరి దారి వాళ్లది. సార్ కొన్నేళ్లకు పోయారు. ఉస్తాద్ దుకాణం ఆయన కొడుకుల చేతికి వచ్చింది, డీజే పెట్టెలు వచ్చాక పని తగ్గింది గానీ ముహూర్తాల రోజుల్లో ఇంకా ఆ కోట్లు బయటికి వస్తాయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ఊళ్లో ఉన్నా పొద్దున కాసేపు పొడుగు స్వరాల సాధన మానలేదు. పెదవి రెండు వారాలు వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి కదా. మిత్రుడు బడిపంతులయ్యాడు. ఇప్పుడు వనపర్తి దగ్గర హాస్టల్ పిల్లలకు సాయంత్రాలు బ్యాండు నేర్పుతున్నాడు. వాళ్లకు కవాతు పాటలు వచ్చాయి, ఇంకొకటి నేర్చుకుంటామని వాళ్లే అడిగారట.

అందుకే ఈ మధ్య ఇద్దరం కూర్చొని సార్ రాసిన కాగితాలన్నీ ఒకచోటికి చేరుస్తున్నాం. మొదటి ట్రంపెట్‌వి నా దగ్గర పూర్తిగా ఉన్నాయి, రెండోవి అతని దగ్గర ఉన్నాయి. క్లారినెట్ వాయించిన ఒకాయన తనవి హైదరాబాద్ నుంచి పంపాడు. రెండు ట్రాంబోన్ల కాగితాలూ, యుఫోనియం కాగితాలూ ఎక్కడున్నాయో తెలియలేదు. ఆ రోజుల్లో మా ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఇంట్లో ట్రంకు పెట్టె ఒకసారి తెరిచి చూడండి. కుడివైపు పైన వాద్యం పేరు, నడుమ నడుమ ఎర్ర కామాలు ఉన్న కాగితం ఒక్కటి దొరికినా మాకు పనికివస్తుంది. మూడో ట్రంపెట్‌ది నేను జ్ఞాపకం మీద రాసేశాను. యుఫోనియంది మాత్రం కాగితం దొరికితేనే కుదురుతుంది, ఎందుకంటే ఆ కింది స్వరాలు లేకుండా పిల్లలకు పై స్వరం ఎక్కడ నిలబెట్టాలో చూపించలేకపోతున్నాం.